కుడిచెవి పాట

ఆసుపత్రి లాండ్రీలో పెద్ద ఇస్త్రీ యంత్రానికి తడి దుప్పటి అంచు అందిస్తున్నాడు మడతాయన. పొగలు కక్కుతూ అవతలికి వచ్చినదాన్ని గడ్డం కింద నొక్కిపట్టి, అంచుకు అంచు కలిపి మడత వేస్తాడు. చేతుల నిండా కాలిన మచ్చలే. అతని అసలు పేరు జీతమిచ్చేవాళ్లకైనా గుర్తుందో లేదో. ఆ ఆసుపత్రిలో బతికినవాళ్లూ పోయినవాళ్లూ అందరూ అతను మడతపెట్టిన దుప్పట్లు కప్పుకున్నవాళ్లే.

ఇవాళ మనసు పని మీద లేదు. జేబులో, తీగ చివర రెండు బిళ్లలు చెవుల్లో పెట్టుకుని వినే పాత బుల్లి టేపురికార్డరుంది. దాన్ని బాగుచేయించమని, మంచం పట్టిన భార్య పొద్దున్నే పురమాయించింది.

"నా వైపు బరబరమంటోందయ్యా. ఇది మాత్రం ఇవ్వను, ఆ రిపేరువాడు పారేస్తాడు" అంటూ కుడి చెవిబిళ్ల మీది నల్ల స్పాంజి తొడుగు ఊడదీసి గుప్పిట్లో దాచుకుంది.

ఆ రికార్డరూ, అందులోని ఒకే ఒక్క క్యాసెట్టూ ఆవిడ ఒకప్పుడు ఊడ్చిన గ్రంథాలయంలో పారేసినవి. వందల ఏళ్ల నాటి పరాయి భాష పాటలు. వాయిద్యం లేదు, ఉత్త గొంతులే. ఒక గొంతు ఒక మాటతో బయలుదేరితే, ఇంకోటి అదే మాట అందుకుని దాని వెంట పడుతుంది. పిల్లాజెల్లా లేని ఇంట్లో అదే సందడి. సాయంత్రం కాగానే ఎడమ బిళ్ల అతనికి, కుడిది ఆవిడకు. ఒక్కడే వినడం అతని దృష్టిలో దొంగతిండి.

పాట ఎంత ఇష్టమో దాని మీద పోట్లాటా అంతే. ముందొచ్చేది బొంగురు గొంతని అతను, కాదు సన్న గొంతని ఆవిడ. పైగా మధ్యలో పాడేవాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి ఆగే చోట, సరిగ్గా అక్కడే, ఆవిడ కళ్లు తుడుచుకునేది.

"పాటే లేనిచోట ఏడుపేమిటే? నీకు చెవుడొచ్చింది" అని నవ్వేవాడు. ఆవిడ అటు తిరిగి పడుకునేది.

పని దిగి రిపేరు షాపుకు వెళ్లాడు. మెకానిక్ తీగ అతికించి, రెండు బిళ్లలూ అతని చెవుల్లోనే పెట్టాడు.

సన్న గొంతే ముందొచ్చింది. ఆ తర్వాతే బొంగురు గొంతు దాని వెంట పడింది. పాట ఆగే చోటు రాగానే మడతాయన అలవాటుగా నిశ్శబ్దం కోసం చూశాడు. నిశ్శబ్దం లేదు. సన్న గొంతు ఒంటరిగా పైకి, ఇంకా పైకి పోతోంది, చెయ్యి వదిలేసిన పిల్లలాగా.

"ఇది నా వైపు రాదే!"

"సగం మంది గొంతులు ఇటు, సగం మందివి అటు రికార్డు చేశారు పెద్దాయనా. ఒక్క చెవితో వింటే సగం పాటే."

మడతాయనకు ముందు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఒక కొస పట్టుకుని మొత్తం దుప్పటి తన చేతిలోనే ఉందనుకున్నాడు ఇన్నేళ్లూ. ఇవాళ రెండు బిళ్లలూ ఆవిడ చెవుల్లోనే పెట్టాలి. చెవుడు నాదేనని ఒప్పుకోవాలి. మోకాళ్ల నొప్పి మరిచిపోయి పరుగులాంటి నడకతో ఇల్లు చేరాడు.

గుమ్మంలో పక్కింటావిడ నిలబడి ఉంది.

"ఇందాకే, అన్నయ్యా. మంచినీళ్లడిగింది. తెచ్చేలోపే..."

లోపల దుప్పటి గడ్డం దాకా కప్పి ఉంది. మడతాయన పక్కన కూర్చుని, వంకరపోయిన అంచు సరిచేశాడు.

"ఏమే, నువ్వు చెప్పిందే నిజం" అన్నాడు.

కాసేపు ఆగి విన్నాడు. ఈసారి అక్కడ నిజంగానే ఏ గొంతూ లేదు.

దుప్పటి కింది నుంచి ఆవిడ చెయ్యి తీసి, వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. అరచేతిలో నల్ల స్పాంజి తొడుగు, ఆవిడ చెవికి ఒరుసుకుని ఒక పక్క అరిగిపోయి, ఇంకా కాస్త వెచ్చగా ఉంది.