పట్టుపురుగుల గదిలో పదేళ్ల ప్రణాళిక

నేను ఒక ప్రణాళికను. ఇల్లు కట్టుకునేవాళ్ళు గీయించుకునే మామూలు ప్లాను అనుకునేరు, కాదు. ఒక విశ్వవిద్యాలయం రాబోయే పదేళ్లలో ఏం కావాలో చెప్పే వ్యూహాత్మక ప్రణాళికను. నూట ముప్పై రెండు పేజీలు, నున్నటి ఆర్టు పేపరు, గట్టి అట్ట. అట్ట మీద ఉదయిస్తున్న సూర్యుడు, ఆ సూర్యుడికేసి వేలు చూపిస్తూ నవ్వుతున్న విద్యార్థులు. వాళ్ళు ఏ దేశం పిల్లలో నాకూ తెలియదు, మన ఎండలో తిరిగిన మొహాలు మాత్రం కావు. అయినా చూడముచ్చటగా ఉంటారు. నేను అందంగా ఉంటానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. సిగ్గుపడవలసిన సంగతి వేరే ఉంది. నా బతుకంతా నేను అట్ట ఊడిపోయిన ఒక లాంగ్ నోటుబుక్కును చూసి కుళ్ళుకుంటూ గడిపాను.

ముందు నా పుట్టుక గురించి చెప్పాలి. మా విశ్వవిద్యాలయం సీమలో, ఊరికి తొమ్మిది కిలోమీటర్ల అవతల, రాళ్ళగుట్టల నడుమ ఉంది. ఒకప్పుడు అక్కడ రెండు వందల అరవై మంది పాఠాలు చెప్పేవాళ్ళు ఉండేవారట. రిటైరయ్యేవాళ్ళు రిటైరవుతూ పోయారు, వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు రాలేదు. నేను పుట్టేనాటికి తొంభై మంది మిగిలారు. తక్కిన పనంతా కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళు లాక్కొస్తున్నారు. అలాంటి సమయంలో, విశ్వవిద్యాలయాలకు గ్రేడులిచ్చే తనిఖీ బృందం వస్తోందని కబురందింది. వాళ్ళు అడిగే కాగితాల జాబితాలో 'పదేళ్ల ప్రణాళిక ఉందా?' అని ఒక ప్రశ్న ఉంది. లేదు. వాళ్ళు రావడానికి ఇంకా పంతొమ్మిది రోజుల గడువుంది. పదేళ్ల ముందుచూపుకు దొరికిన సమయం అంత.

ప్లానింగ్ విభాగం డీను ప్రొఫెసర్ త్రివిక్రమరావుగారు నాకు తండ్రిలాంటివారు. ఆయన చెడ్డమనిషి కాదు, బద్ధకస్తుడూ కాదు. ముప్పై విభాగాలకు వెంటనే ఉత్తరాలు రాశారు, 'పదేళ్లలో మీ విభాగం ఎలా ఉండాలనుకుంటున్నారో తెలియజేయండి' అని. పదకొండు విభాగాలు జవాబిచ్చాయి. వాటిలో చాలామటుకు 'ముందు మాకు ఇద్దరు మనుషులను ఇప్పించండి' అని రాశాయి. ఆర్టు పేపరు మీద అచ్చేసుకునే మాట కాదది. చివరికి ఆయన కంప్యూటరు ముందు కూర్చుని, పేరున్న విశ్వవిద్యాలయాల ప్రణాళికలు దించుకుని, ఒకదాంట్లోంచి లక్ష్యాలు, ఒకదాంట్లోంచి పట్టికలు, ఒకదాంట్లోంచి సగం అధ్యాయాలు తీసి, వాటి పేర్లున్న చోటల్లా మా పేరు పెట్టి నన్ను తయారుచేశారు. నేను దాన్ని తప్పనుకోలేదు. మీరు మాత్రం ముక్కు ఒకరిదీ కళ్ళు ఒకరివీ తెచ్చుకుని పుట్టలేదా?

వీసీగారు నన్ను ఆవిష్కరించారు. ఫోటో కోసం ఛాతీ ఎత్తున పట్టుకున్నారు, మొదట తలకిందులుగా, ఎవరో చెప్పాక తిన్నగా. తనిఖీకి వచ్చినవారిలో ఒకాయన నా రెండు పేజీలు తిప్పి, వేలితో నిమిరి చూసి, "కాగితం చాలా బాగుందండీ" అన్నారు. అంతే. గ్రేడు వచ్చింది. మేము రెండు వందల ప్రతులం తలా ఒక దిక్కుకు వెళ్ళిపోయాం. నా తలరాత నన్ను క్యాంపస్ చివరి కొసన ఉన్న పట్టుపరిశ్రమ విభాగానికి తీసుకుపోయింది.

అక్కడ ఉన్నవి రెండెకరాల మల్బరీ తోట, పురుగులను పెంచే పొడవాటి గది ఒకటి, పాఠాల గది ఒకటి. ఉన్న మనుషులు ఇద్దరు. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్న చౌడేశ్వరి, అంతకంటే ముందునుంచీ పురుగులకు ఆకు వేస్తున్న అటెండరు దస్తగిరి. పురుగుల గదిలోకి నన్ను మోసుకొచ్చింది దస్తగిరే.

"మేడం, పెద్దాఫీసు నుంచి పుస్తకం వచ్చిండాది. శానా బరువుంది."

"ఆ బీరువా మీద పెట్టన్నా, తర్వాత చూస్తాలే" అంది చౌడేశ్వరి తలెత్తకుండానే.

తలెత్తకుండా ఆమె రాసుకుంటున్నది ఆ నోటుబుక్కులోనే. దాన్ని నేను మొదటిసారి చూసింది అప్పుడే. బీరువా మీద నుంచి కిందికి చూస్తే సరిగ్గా దాని నడినెత్తి కనిపించేది. ఇక నాలుగేళ్లపాటు నాకు అదే దృశ్యం.

ఏముంది దాంట్లో? అట్ట ఊడితే పాత గోనెగుడ్డ తొడిగి దబ్బనంతో కుట్టారు. అక్షరాలు ఒకచోట నీలం, ఒకచోట నలుపు, ఒకచోట పెన్సిలు. విషయసూచిక లేదు, వీసీగారి సందేశం లేదు. ఉన్నదల్లా పిల్లల పేర్లు. చేరినవాళ్ళవి, చేరి మానేసినవాళ్ళవి, వేసవిలో ఆమె డిగ్రీ కాలేజీలన్నీ తిరిగి మాట్లాడి వచ్చినవాళ్ళవి. ప్రతి పేరు పక్కనా నాలుగు ముక్కలు. 'హేమావతి, మడకశిర అవతల పల్లె. ఆఖరి బస్సు నాలుగున్నరకే. మన ప్రాక్టికల్స్ అయిదు దాకా. రెండు వారాలు చూసి మానేసింది.' దాని కిందే ఎర్ర సిరాతో, 'ప్రాక్టికల్స్ పొద్దున్నే పెట్టాలి.' పెట్టింది కూడా. 'గంగరాజు. ఇంట్లో పురుగులు పెంచుతారు. పురుగులు గూళ్ళు కట్టడానికి వెదురు చంద్రికలెక్కే వారం రాలేడు. ఆ వారం పరీక్ష పెట్టకూడదు.' 'షబీనా. హాస్టల్లో సీటు రాలేదు. దస్తగిరన్న చిన్నమ్మ ఇంట్లో ఉంటుంది.' ఇలాంటివే పేజీల కొద్దీ.

నాలో 'విద్యార్థి కేంద్రిత అభ్యసన వాతావరణం' అని ఒక అధ్యాయం ఉంది. ఇరవై రెండు పేజీలు, ఆరు రంగుల పటాలు. దాన్ని తెరిచే దిక్కు లేదు. ఈ గోనెగుడ్డ పుస్తకాన్ని మాత్రం రోజుకు ఇరవైసార్లు తెరిచేవారు. ఫోను మోగితే తెరిచేవారు, ఎవరైనా తరగతికి రాకపోతే తెరిచేవారు, ఊరికే మాట్లాడుకుంటూ కూడా తెరిచేవారు. ఒకసారి దాని మీద టీ ఒలికితే చౌడేశ్వరి కొంగుతో అద్ది, ఫ్యాను కింద పెట్టి, పేజీ పేజీకీ మధ్య మల్బరీ ఆకు పెట్టి ఆరబెట్టింది. నా మీద బల్లి గుడ్లు పెట్టి, అవి పగిలి, పిల్లలు పారిపోయినా అడిగిన పాపాన పోలేదు. సాయంత్రం అది ఆమె సంచిలో ఇంటికి వెళ్ళేది, పొద్దున్నే తిరిగి వచ్చేది. నేను ఆ బీరువా దిగిందే లేదు. ఒళ్ళు మండిపోయేది. అదేమైనా చదువుకున్న పుస్తకమా? దానికి లక్ష్యమంటే తెలుసా?

నాకు ఉన్న ఒకే ఊరట ఎనభై నాలుగో పేజీ. 'వరుసగా మూడు సంవత్సరాలు పదిమంది కంటే తక్కువ ప్రవేశాలు కలిగిన విభాగాలను సమీప విభాగాలలో విలీనం చేయవలెను' అని ఉంటుంది అక్కడ. ఒక ఏడు పట్టుపరిశ్రమలో ఏడుగురు చేరారు. మరుసటి ఏడు ఎనిమిది మంది. మూడో ఏడు మొదలయ్యేసరికి నేను బీరువా మీద కూర్చుని ఒక్కటే కోరుకున్నాను. ఈ విభాగం మూతపడాలి, ఆ నోటుబుక్కు అక్కరలేకుండా పోవాలి. విభాగం పోతే చౌడేశ్వరి కాంట్రాక్టు పోతుందనీ, మల్బరీ తోట పీకేస్తారనీ, చదువుతున్న పిల్లలు ఏ దిక్కూ లేక ఇళ్లకు పోతారనీ నాకు తెలుసు. తెలిసే కోరుకున్నాను. అసూయ పట్టినవాడికి లెక్కలన్నీ తెలుస్తూనే ఉంటాయి.

ఆ వేసవిలో ఆమె ఎండలో పడి ఇంకా ఎక్కువ ఊళ్ళు తిరిగింది. నోటుబుక్కులో పేర్లు పెరిగాయి. చివరి తేదీనాటికి తొమ్మిది మంది చేరారు. తొమ్మిదే! నేను ఎగిరి గంతేయలేదు గానీ, బీరువా కొంచెం కదిలిందని దస్తగిరి అనుకునే ఉంటాడు.

పదిహేను రోజుల తర్వాత ఉత్తర్వు వచ్చింది. 'ప్రణాళిక, పుట 84 ప్రకారం విలీనం ప్రతిపాదించడమైనది. అభ్యంతరం ఉన్నచో పాలకమండలి ముందు అయిదు నిమిషాలు చెప్పుకొనవచ్చును.' నన్ను పుట సంఖ్యతో సహా ఉదహరించారు! చౌడేశ్వరి ఆ కాగితం పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. దస్తగిరి దగ్గరికి వచ్చాడు.

"ఎనభై నాలుగో పేజీ అంట గదా మేడం. ఆ పుస్తకం మన కాడే ఉండాది. ఏమట్ల రాసినారో చూడల్ల."

అతను స్టూలెక్కి నన్ను దించాడు. ఆమె కొంగుతో నా దుమ్ము తుడిచింది. నోటుబుక్కు మీది టీ అద్దిన అదే కొంగు. ఎనభై నాలుగో పేజీ తీసి చదివింది. ఇక మూసేస్తుందనుకున్నాను. మూయలేదు. మొదటి పేజీకి తిరిగి వచ్చింది.

రెండు రోజులు చదివింది. పురుగుల గదిలో, చేతిలో పెన్సిలుతో, వీసీగారి సందేశం మొదలుకుని. చుట్టూ తట్టల్లో పురుగులు ఆకు మేస్తున్న చప్పుడు సన్నటి జల్లులా వినిపిస్తూ ఉంది. నేను ఆ రెండు రోజుల్ని ఎలా చెప్పను? నన్ను అచ్చేసినవాడు చదవలేదు, ఆవిష్కరించినవారు చదవలేదు, కూర్చిన త్రివిక్రమరావుగారు కూడా పూర్తిగా చదవలేదు. ఈమె ఒక్కొక్క వాక్యం కింద గీత గీస్తోంది. గీత గీస్తే మెచ్చుకున్నట్టే అనుకున్నాను. నోటుబుక్కు రెండు రోజులూ మూసుకుని బల్ల చివర పడి ఉంది. దానికేసి చూసి ఎంత గర్వపడ్డానో మీకు చెప్పలేను.

రెండో రోజు మధ్యాహ్నం, అరవై ఒకటో పేజీలో ఆమె పెన్సిలు ఆగిపోయింది. ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, కళ్ళల్లో నీళ్లు వచ్చేదాకా.

"దస్తగిరన్నా, మనకు సముద్రం యాడుందన్నా?"

"సముద్రమా? మనకు చెరువులోనే నీళ్లు లేవు గదా మేడం. ఏంటికట్ల అడుగుతారు?"

పాలకమండలి సమావేశానికి ఆమె నన్ను సంచిలో పెట్టుకుని వెళ్ళింది. అదే సంచిలో నా పక్కనే నోటుబుక్కు. ఆ గోనె వాసన నా అట్టకు తగులుతూ ఉంటే దారి పొడుగునా భరించాను. హాల్లో వీసీగారు, చుట్టూ పెద్దలు, ఒక పక్కన త్రివిక్రమరావుగారు. ఎవరి ముందూ నా ప్రతి లేదు.

"చూడమ్మా, నీ కష్టం మాకు తెలీక కాదు. నియమం ఒకటుంది కదా" అన్నారు త్రివిక్రమరావుగారు నెమ్మదిగా.

"నియమం గురించే మాట్లాడతా సార్. అరవై ఒకటో పేజీ చదవమంటారా?"

వీసీగారు తల ఊపారు. ఆమె చదివింది. 'విశ్వవిద్యాలయానికి ఆనుకొని ఉన్న పద్దెనిమిది కిలోమీటర్ల సముద్రతీరమును వినియోగించుకొని, మత్స్యకార కుటుంబాల యువతకు పడవల మరమ్మతులో శిక్షణ ఇవ్వవలెను.' వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒక్కొక్క కుర్చీకీ పాకింది.

ఆమె మాత్రం నవ్వలేదు. "ఎనభై నాలుగో పేజీ కూడా ఆ సముద్రం పక్కన వాళ్ళదే సార్. కింద చిన్నక్షరాల్లో ఉండాది, పద్నాలుగు వేల మంది పిల్లలున్న చోట పదిమంది అని. మన దగ్గర ఉండేది మూడు వేలు. ఆ లెక్కన చూస్తే ముగ్గురున్నా చాలు. మాకు తొమ్మిది మంది ఉన్నారు."

వీసీగారు చేయి చాచి నన్ను తీసుకున్నారు. ఈసారి తిన్నగానే పట్టుకున్నారు. అరవై ఒకటి చూశారు, ఎనభై నాలుగు చూశారు, త్రివిక్రమరావుగారికేసి చూశారు. ఆయన మొహం వాడిపోయింది.

"పంతొమ్మిది రోజులే ఉన్నాయి సార్" అన్నారు ఆయన. తర్వాత చౌడేశ్వరివైపు తిరిగి, "నేను ఉత్తరం రాసినాను కదమ్మా అప్పుడు. ఏం కావాలో నువ్వు చెప్పి ఉండొచ్చు కదా?" అన్నారు.

"చెప్పినా సార్. నాలుగున్నర బస్సును అయిదున్నరకు మార్పించండి అని రాసినా."

త్రివిక్రమరావుగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "గుర్తుంది. అది ప్రణాళికలో రాసే విషయం కాదనుకున్నా" అన్నారు.

విలీనం ఆగిపోయింది. నన్ను రద్దు చేశారు, మొత్తం రెండు వందల ప్రతులనూ; నేను మాత్రం చౌడేశ్వరి సంచిలోనే పురుగుల గదికి తిరిగి వచ్చాను. చౌడేశ్వరి కాంట్రాక్టును ఇంకో ఏడాదికి పొడిగించారు. ఏడాదికే, అంతకుమించి ఎవరూ మాటివ్వలేదు. కొత్త ప్రణాళిక రాయాలని తీర్మానించారు. ఈసారి త్రివిక్రమరావుగారు కంప్యూటరు ముందు కూర్చోలేదు. వారానికి మూడు రోజులు పురుగుల గదికి వచ్చి, స్టూలు మీద కూర్చుని, నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, "ఈ అమ్మాయి ఎందుకు మానేసిందమ్మా?" అని ఒక్కొక్క పేరూ అడుగుతున్నారు. నా తండ్రి! దాని మీద చేయి వేసి కూర్చున్న ఆయనను చూస్తూ ఉంటే, నేను కొయ్యబారిపోయాను.

మిగతా ప్రతులన్నీ పాత కాగితాల లారీ ఎక్కాయి. నన్ను పురుగుల తట్టల కింద పరుద్దామని దస్తగిరి రెండు పేజీలు చింపి చూశాడు. "ఈ కాగితం పనికిరాదు మేడం, తేమ పీల్చదు" అని పెదవి విరిచాడు. ఆ పనికిమాలినతనమే నన్ను కాపాడింది. మళ్ళీ బీరువా ఎక్కాను. కింద కొత్త పిల్లలు వస్తున్నారు, నోటుబుక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. నాలో ఒక్క పిల్ల పేరైనా ఉంటే బాగుండేదని ఈమధ్య అనిపిస్తోంది. అనిపించిన మరుక్షణమే మళ్ళీ కడుపు మండుతోంది.

అయినా ఒక మాట. దాన్ని ఎవరు తెరిచినా తమకు కావలసిన పేరు వెతుక్కుని మూసేస్తారు, అంతే. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క పట్టున ఎవరూ చదవలేదు, చౌడేశ్వరి కూడా. నన్ను చదివింది. రెండు రోజులు, పెన్సిలు పట్టుకుని, ఒక్క వాక్యం వదలకుండా చదివింది. నన్ను చంపడానికే చదివిందనుకోండి. కానీ చదివింది.