ఇంకో పాత ఊరు

మా అమ్మ పోయిన నలభయ్యో దినం ఫాతిహాకు నేను రాయచోటి చేరాలి. కుటుంబంతో చైనా యాత్ర ముగించుకొని రాగానే సెలవిస్తానని కఫీలు, అంటే నా అరబ్బు యజమాని, మాటిచ్చాడు. నేను ఆయన ఇంటి డ్రైవర్ని. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. దాని తాళం ఆయన జేబులో, ఆ జేబు చైనాలో.

బీజింగ్ ఒక్కటే అన్నవాళ్లు పింగ్యావో పోయారు, అక్కణ్ణుంచి షియాన్ పోయారు.

"ఆడ ఇంగా ఎన్ని పాతూర్లుండాయి రా మహబూబూ?" అంది వంటమనిషి హుస్సేన్‌బీ.

"అన్నీ పాతవేనంట అక్కా. ఒక్క కొత్తూరన్నా కట్టింటే ఈపాటికి వచ్చేసిందురు."

బుధవారం కఫీలు వీడియో కాల్ చేసి, తాను నిలబడిన కోటగోడను చూపించాడు.

"రేపు దాతుంగ్. అక్కడ కొండలో చెక్కిన బుద్ధులున్నారు. ఇంకో నాలుగు రోజులు."

"బాబా, శుక్రవారం మా అమ్మ ఫాతిహా."

"ఇవన్నీ మళ్లీ చూడగలమా? మీ ఊరెక్కడికి పోతుంది!"

నిజమే, ఊరెక్కడికీ పోదు. నేనూ పోలేను.

శుక్రవారం ఇక్కడే ఐన్ ఖాలిద్‌లో, కఫీలు ఇంటి కారుషెడ్డు పక్కనున్న నా గదిలోనే, హుస్సేన్‌బీ వండిన పాయసం ముందు పెట్టుకొని ఫాతిహా చదివాను. దువాకు ఎత్తిన చేతులు దించకముందే ఫోన్ మోగింది. కొండంత బుద్ధుడి ఫోటో, వెనకే కఫీలు గొంతు:

"కారు రోజూ కడుగుతుండు. ఇంకో ఊరుంది."