పన్నెండేళ్లు మూసిన గేటు

నేను ఒక ఇనుప గేటును. నన్ను నేలలో పాతిన ఆ తెల్లవారుజామున ఆకాశం నిండా మబ్బులే, చినుకు మాత్రం లేదు. తూర్పు కొండల మీద ఒకచోట మబ్బు చిరిగి, ఆ సందులోంచి వచ్చిన వెలుగు కడిగిన ఎద్దు వీపులా మెరిసింది. ఆ రోజు ఏరువాక పున్నమి. ఊళ్లో అందరూ ఎద్దుల కొమ్ములకు రంగులు పూస్తున్నారు. నన్ను పాతే మనుషులు మాత్రం ఎవరూ రాకముందే ముగించాలని, వంచిన నడుము ఎత్తకుండా గుంతలు తవ్వారు. ఒక్కరూ మాట్లాడలేదు. నేను గేటునై నాలుగు రోజులే అయినా, ఇది మంచి పని కాదని తెలిసిపోయింది. మంచి పని చేసేటప్పుడు మనుషులు కొంచెమైనా అరుచుకుంటారు.

అంతకుముందు నేను చెనక్కాయల మిల్లులో జల్లెడ చట్రాన్ని. మిల్లు మూతపడితే పాత ఇనుము అంగడికి, అక్కడినుంచి వెల్డింగు షాపుకు చేరాను. నన్ను చేయించుకోవడానికి వచ్చినవాడు వన్నూరప్ప. పెద్ద రైతు, బోరు ఉన్నవాడు, మాట తక్కువవాడు.

"చేనుకు ఇంత బరువు గేటెందుకప్పా? గొర్రెలు రాకుండా కంప చాలు గదా" అన్నాడు షాపాయన.

"గొర్రెలకు కాదులే" అన్నాడు వన్నూరప్ప.

గేటన్నది తెరవడానికీ మూయడానికీ పుడుతుంది. నన్ను మూయడానికే పుట్టించారు. వన్నూరప్ప చేనును ఆనుకుని గోవిందప్ప అనే ఆయనకు రెండెకరాల ఎర్రనేల ఉంది. వాళ్ల నాయన నుంచి వచ్చింది, పట్టా ఉంది, ఏటా దున్నుకుంటున్నాడు. వన్నూరప్ప దాని చుట్టూ కంప నాటించి, దారి వైపు నన్ను నిలబెట్టి తాళం వేశాడు. దానికి ఆయన చెప్పుకున్న కారణం ఏమీ లేదు. అది తన చేను పక్కన ఉంది, అంతే.

పొద్దెక్కాక గోవిందప్ప వచ్చాడు. ముందర రంగు కొమ్ముల ఎద్దులు, వెనక భార్య మారెక్క తలమీద విత్తనాల గంప. నన్ను చూసి ఆగిపోయారు. గోవిందప్ప తాళం పట్టుకుని, "ఇదేందన్నా, ఇది మా చేను గదా" అన్నాడు. కోపంగా కాదు, దారి తప్పినవాడు అడిగినట్టు అడిగాడు. వన్నూరప్ప అతని జుట్టు పట్టుకుని తలను నాకేసి కొట్టాడు. నా రెండో కడ్డీకి నుదురు తగిలింది. నెత్తురు వెచ్చగా ఉంటుందని ఆ రోజు తెలిసింది. కొట్టినవాడికి నేను చెయ్యినయ్యాను. నన్నెవరూ అడగలేదు.

ఎద్దులు వెనక్కి తిరిగాయి. ఆ యేడు వాళ్లకు ఏరువాక లేదు.

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. లోపల వన్నూరప్ప పంట పెట్టాడు. లాక్కున్న నేలలో పండిన చెనక్కాయ కూడా మామూలు చెనక్కాయలాగే ఉంటుంది. చెడుతుందేమోనని చాలా కాలం చూశాను, చెడలేదు. గోవిందప్ప నా ముందు నుంచి పోయేటప్పుడు ముఖం అటు తిప్పుకుని పోయేవాడు. మారెక్క అట్లా కాదు. కూలికి పోతూ వస్తూ నా కడ్డీ మీద అరచెయ్యి ఆనించి నిలబడేది. ఎండకు కాలుతున్నా తీసేది కాదు.

మీరు నమ్మకపోవచ్చు, వాళ్లకంటే వన్నూరప్పకే భయం ఎక్కువ. రోజూ తెల్లవారగానే వచ్చి తాళాన్ని లాగి చూసేవాడు. తాళం వేసినవాడే తాళాన్ని నమ్మడు. అతని వేళ్ల చెమట నా గొళ్లెం మీద తుప్పయింది. ఎవరైనా కొత్తమనిషి దారిన పోతే, పొలంలో పాము దూరినట్టు అతని కళ్లు అటే పోయేవి.

నా పక్కన చిన్న మిట్ట ఉంది. ఊళ్లో ఫోను పలకదు, ఆ మిట్ట ఎక్కితేనే పలుకుతుంది. అందుకని ఊరి పెండ్లిండ్లూ చావులూ తగాదాలూ ముందు నా చెవినే పడతాయి. ఈ యేడు ఉగాది పోయాక ఒకనాడు, వన్నూరప్ప ఊళ్లో లేనప్పుడు, గోవిందప్ప, మారెక్క మిట్ట ఎక్కి పట్నంలో వకీలుకు ఫోను చేశారు. ఫోనులోని మాట బయటికి వినపడేట్టు పెట్టారు. గోవిందప్పకు చెవి కొంచెం మందం.

"చేను ఆక్రమించింది ఎప్పుడు?" అన్నాడు వకీలు.

"పన్నెండేండ్లు కావస్తాంది సార్. ఏరువాక పున్నమి నాడు."

"అయితే వచ్చే ఏరువాకకు పన్నెండు నిండుతాయి. ఆలోపల దావా వేయకపోతే ఇక ఆ నేలను అడిగే హక్కు ఉండదు. పట్టా కాగితాలు పంపు. నేను దావా రాసి పెడతా, నువ్వు ఏరువాకకు ముందే వచ్చి సంతకం చెయ్యి."

"మరి నన్ను కొట్టింది సార్?"

"అప్పుడు కేసు పెట్టినావా?"

"భయమాయ సార్."

"అట్లాంటి దెబ్బకు ఏడాదే గడువు గోవిందప్పా. అది ఎప్పుడో దాటిపోయింది. కోర్టు ఇప్పుడు దాన్ని ముట్టుకోదు."

గోవిందప్ప నుదురు తడుముకున్నాడు. మచ్చ పోలేదు, గడువు పోయింది. కాలం ఊరికే గడిస్తే చాలు, కొట్టినవాడు కొట్టనట్టే అవుతాడు, ఒకడి నేల ఇంకొకడిదవుతుంది. మనుషులు కాలానికి కూడా కూలిపని అప్పజెప్పారు.

"వద్దులేమే. పోయింది పోనీ. వాడు చంపుతాడు" అన్నాడు గోవిందప్ప, ఫోను పెట్టేశాక.

"నాకూ భయమే. చేను పోయినా ఈ భయం పోతాదా? పోదు. ఉత్త భయం పెట్టుకోని ఏం చేద్దాం? చేను తెచ్చుకోని భయపడదాం" అంది మారెక్క.

గోవిందప్ప కాగితాలు పంపాడు. సంతకం మాత్రం రేపు మాపు అంటూ వచ్చాడు. ఏరువాకకు ఇంకా టైము ఉంది కదా అన్నది అతని ధైర్యం.

జూన్ మొదటి వారంలో ఒక పొద్దున వన్నూరప్ప స్నానం చేసి, తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. నాకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాడు. పన్నెండేళ్లలో నాకు జరిగిన మర్యాద అదొక్కటే. నాకు ఒళ్లు జలదరించింది. అప్పుడే మారెక్క కూలికి పోతూ వచ్చింది. దారికి అవతల చేనులో దున్నకముందు రాళ్లేరే పని.

"ఏమన్నా, ఈ పొద్దు గేటుకు పూజ చేస్తాండావు?" అంది.

"పన్నెండేండ్లు నిండినాయి మారెక్కా. ఇదో, నోట్లో వేసుకో" అని టెంకాయ ముక్క చాపాడు. ఆ ముఖంలో అంత నవ్వు నేను ఎప్పుడూ చూడలేదు.

"యాడ నిండినాయి? ఏరువాక ఇంకా రాల్యా."

"పిచ్చిదానా! కోర్టోళ్లు పంచాంగం చూస్తారనుకుంటివా? వాళ్లది ఇంగ్లీషు తేదీ. ఆ యేడు ఏరువాక జూన్ మొదట్లో వచ్చింది. నిరుడు అధికమాసం పడింది, అందుకని ఈ యేడు నెలాఖరుకు జరిగింది. మీ ఏరువాక వచ్చేదాకా పండుకోండి పోండి."

మారెక్క ముక్క తీసుకోలేదు. ఒక్క అడుగు వెనక్కి వేసింది. తర్వాత గంప అక్కడే పడేసి ఊరి వైపు పరుగెత్తింది. ఆ వయసు ఆడమనిషి అట్లా పరుగెత్తితే, ఊళ్లో ఎవరో పోయారని అనుకుంటారు.

వన్నూరప్ప ఇంటికి పోయాక ఇద్దరూ వచ్చి మిట్ట ఎక్కారు. గోవిందప్ప ఫోను ఆమె చేతిలో పెట్టాడు. మారెక్కే మాట్లాడింది. అవతల వకీలు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది. పొరపాటు తనది కూడా అని అతనికి తెలిసింది. ఏరువాక అంటే ఏరువాక అనే రాసుకున్నాడు, తేదీ చూడలేదు.

"ఉండమ్మా, ఉండు" అన్నాడు చివరికి. "కోర్టుకు ఎండాకాలం సెలవులు. సోమవారం తెరుస్తారు. గడువు సెలవుల్లో తీరితే, తెరిచిన రోజు వేసినా చెల్లుతుంది. ఆ ఒక్క రోజే. మంగళవారం వస్తే నేనేమీ చేయలేను. ఎవరికీ చెప్పొద్దు."

వాళ్లు ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పగలిగినదాన్ని కాదు. కానీ ఆదివారం సాయంత్రం వన్నూరప్ప మిట్ట ఎక్కాడు. తన వకీలుకు శుభవార్త చెబుదామని గొంతు పెంచి మొదలుపెట్టాడు. నాకు ఇతని మాటలే వినపడ్డాయి.

"తీరిపాయ సార్! టెంకాయ కూడా కొట్టినా... ఏంది సార్? ... సెలవులైతే మనకేమి? ... సోమవారమా? రేపేనా? ... తీరిపాయ అంటిరి గదా సార్ మీరే..."

దిగి వచ్చి నా తాళం లాగి చూశాడు. మళ్లీ లాగాడు.

సోమవారం తెల్లవారకముందే వచ్చి నా కాలి దగ్గర కూర్చున్నాడు. ఒడిలో గడ్డపార. ఊరి నుంచి తార్రోడ్డుకు పోయే బండిదారి నా ముందు నుంచే పోతుంది. బస్సెక్కాలంటే నన్ను దాటాలి. ఇతను పాతడానికి రాలేదు, పీకడానికి రాలేదు. గడ్డపారతో ఇంకేం చేస్తారో నేను ఆలోచించకూడదనుకున్నాను. నా రెండో కడ్డీ మాత్రం ఆలోచించింది.

పొద్దు పొడిచాక మారెక్క ఒక్కతే వచ్చింది.

"మీ ఆయన ఏడి?"

"జ్వరమన్నా. పండుకోనుండాడు."

"ఈ పొద్దు లేస్తాడా?"

"లేచేటట్టు లేడు."

"లేవకుంటేనే మంచిదిలే" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

మారెక్క ఎప్పటిలాగే నా కడ్డీ మీద చెయ్యి పెట్టింది. కళ్లు మాత్రం ఒక్కసారి ఊరి పక్క వంక వైపు పోయి వచ్చాయి. అప్పుడు అర్థమైంది. గోవిందప్ప ఇంట్లో లేడు. చీకటితోనే వంకలో దిగి, ఎండిన ఇసుకలో నడిచి, తార్రోడ్డుకు పోయి ఉంటాడు. పోయాడా? ముఖం తిప్పుకుని పన్నెండేళ్లు నడిచిన మనిషి. బస్సు రాకముందే వెనక్కి తిరిగి ఉండొచ్చు. కోర్టు మెట్ల దగ్గర నిలబడిపోయి ఉండొచ్చు. ఆ సంగతి మారెక్కకూ తెలియదు. ఉన్న ఒక్క ఫోను అతని దగ్గర ఉంది.

ఆమె అవతల చేనులో రాళ్లేరసాగింది. ఇతను ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. ఆమె కళ్లెదుట ఉన్నంతసేపు మొగుడు కూడా ఊరు కదల్లేదని అతని లెక్క. ఎండ ఎక్కింది. నా ఇనుము కాలింది. మధ్యాహ్నమైంది, ఆమె సంగటి డబ్బా విప్పలేదు. అతనూ ఇంటికి పోలేదు. రాయి మీద రాయి పడే చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఎండ కొంచెం వాలగానే వన్నూరప్పకు ఏం తోచిందో, లేచాడు. గడ్డపార భుజాన వేసుకున్నాడు.

"జ్వరమెంతుందో చూసొస్తా" అన్నాడు, ఊరి వైపు తిరిగి.

మారెక్క నిటారుగా నిలబడింది.

"అన్నా!" అంది. "ఈ రాయి కదల్ల్యా. రోంత గడ్డపార ఇస్తావా?"

చేనులో పనిముట్టు అడిగితే లేదనేవాడు మా వైపు లేడు. శత్రువైనా ఇస్తాడు. వన్నూరప్ప ఆగాడు. అటు ఊరి వైపు చూశాడు, ఇటు రాయి వైపు చూశాడు. విసుక్కుంటూ దారి దాటాడు.

"జరుగు. నీకేం చాతనైతాది."

అది రాయి కాదు, నేలలోపలి బండ కొస. మారెక్కకు అది తెలుసు. రైతు కాబట్టి అతనికీ తెలియాలి. కానీ పట్టుకున్న పనిని వదలడం రైతుకు చేతకాదు. పొడిచాడు, ఎత్తాడు, చుట్టూ తవ్వాడు, తిట్టాడు. ఆమె పక్కన నిలబడి, "ఆ పక్క పొడువన్నా, ఆ పక్క" అంటూ ఉంది. మనిషిని చంపడానికి తెచ్చుకున్న ఇనుముతో పొద్దు వాలేదాకా కూలి లేకుండా పనిచేశాడు. నవ్వు రావలసిన చోట నాకు భయమే వేసింది. బండతో విసుగొస్తే ఆ గడ్డపార ఎటు తిరుగుతుందో తెలియదు.

అప్పుడు దారిలో మనిషి కనపడ్డాడు. ఊరి వైపు నుంచి కాదు, తార్రోడ్డు వైపు నుంచి. చెప్పులు చేతిలో ఉన్నాయి. తెల్లచొక్కా వీపుకు అతుక్కుపోయింది.

గోవిందప్ప నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. ముఖం తిప్పుకోలేదు. పన్నెండేళ్ల తర్వాత మొదటిసారి నన్ను నేరుగా చూశాడు.

మారెక్క సంగటి డబ్బా, నీళ్ల చెంబు తీసుకుని దారి దాటి వచ్చింది. "ఏమాయ?"

"వేసినాం" అన్నాడు. "తీసుకున్నారు. దావా నంబరు రేపిస్తారంట."

వన్నూరప్ప ఆమె వెనకే వచ్చాడు. గడ్డపార రెండు చేతుల్లో ఉంది. ముగ్గురూ నా ముందు నిలబడ్డారు. దారిలో ఇంకెవరూ లేరు. గోవిందప్ప చెయ్యి తనకు తెలియకుండానే నుదుటి మీదికి పోయింది.

నేను ఎదురుచూశాను. నా కడ్డీలు చల్లబడ్డాయి.

మారెక్క కింద కూర్చుంది. అలిసి కూర్చుందో, కావాలనే కూర్చుందో చెప్పలేను. సంగటి డబ్బా మూత తీసింది. "పొద్దున్నుంచి ఏమీ తినల్యా. కూచో" అంది మొగుడితో. అతను కూర్చున్నాడు. ఆమె సంగటి ముద్దను మూడు చేసింది. ఒక ముక్క మూతలో పెట్టి, ఊరిబిండి పచ్చడి వేసి, తలెత్తకుండా ముందుకు జరిపింది.

"నువ్వూ తినల్యా గదన్నా."

వన్నూరప్ప మూతలోని ముద్దను చూశాడు; దావా పడిపోయాక ఇక గడ్డపారతో ఆపడానికేమీ లేదు. తర్వాత గడ్డపారను నాకు ఆనించి, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు.

ముగ్గురూ తిన్నారు. ఎవరూ ఎవరినీ చూడలేదు. వన్నూరప్పకు రెండో ముద్ద గొంతులో ఆగింది. గోవిందప్ప నీళ్ల చెంబు అతని వైపు నెట్టాడు. అతను తాగి, చెంబును మధ్యలో పెట్టి, మళ్లీ ముద్ద తుంచుకున్నాడు.