ఐదు నిమిషాల హీటరు

మండుటెండలో కారు హీటరు వేసుకు కూర్చున్న పిచ్చివాడని మీ కొట్టులో చెప్పుకుని నవ్వుతున్నారట. కూలర్ల కొట్టు యజమానీ, పక్కన నిలబడి తలూపిన మేనేజరూ, మిమ్మల్నే అంటున్నాను. ఆ హీటరు వేసింది అతను కాదు, మీరు. ఎలాగో చెప్తాను. మీ కూలరు ముందే కూర్చుని వినండి.

ఉదయం తొమ్మిదిన్నర. అతను కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని, అరిగిపోయిన పళ్లబ్రష్షుతో రేడియేటరు రెక్కల్లో ఇరుక్కున్న పురుగులు దులుపుతున్నాడు. దులపడానికి చోటు కూడా లేదు. కారు మూతికి అడ్డంగా మీ కొట్టు పేరు రాసిన రేకు బోర్డు ఉంది. బోర్డుకీ జాలీకీ మధ్య నాలుగు వేళ్ల సందు. అందులోకి చెయ్యి దూర్చీ దూర్చీ ముంజేతి మీద చర్మం గీతలు గీతలుగా గట్టిపడిపోయింది.

సన్నటి మనిషి. యాభై తొమ్మిదేళ్లు. కాకీ చొక్కా కాలరులోంచి మెడ పొడుగ్గా పైకి వస్తుంది. ఎండాకాలంలో కూడా రెండు జతల మేజోళ్లు వేసుకుంటాడు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. జీవితంలో ఏనాడూ బండి వేగంగా తోలలేదు కాబట్టి అందరూ అతన్ని నిదానం అంటారు.

కారు అతనికన్నా పదేళ్లే చిన్నది. గుండ్రటి కళ్లేసుకుని ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుండే పాత చిన్న కారు. ఒకప్పుడు పాలరంగు. ఇప్పుడు మీరు నీలం పూసి, ఒళ్లంతా మంచుముక్కలు గీయించి, నెత్తిన అట్టకూలరు, మైకు ఎక్కించారు. అద్దాలకి బొమ్మలు అంటించారు. అద్దం దించితే బొమ్మ చిరుగుతుందని దించనివ్వరు.

బానెట్ ఎత్తి ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కాడు. గర్భిణి కడుపు మీద డాక్టరమ్మ చెయ్యి ఆనించినట్టు మెల్లగా. ఆ తరవాత డబ్బాలోంచి కాచి చల్లార్చిన నీళ్లు రేడియేటరులో అంచుదాకా పోశాడు. పచ్చి నీళ్లు పోస్తే లోపల గార పడుతుంది. అందుకని భార్య రోజూ సాయంత్రం నీళ్లు కాచి పెడుతుంది, "ఇవిగో, నా సవతికి" అంటూ.

గోదాములో కూలర్లు మోసే బావమరిది భుజం మీద తువ్వాలు వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"అయిందా బావా దీనికి స్నానం? మా అక్కకి ఒక్కరోజన్నా ఇంత సేవ చేశావా?"

"మీ అక్క వేడెక్కితే నీళ్లు పోసే ధైర్యం నీకుందేంట్రా?"

ఇద్దరూ నవ్వారు. అంతలో మేనేజరు బయటికొచ్చాడు, నవ్వు ఆగిపోయింది.

"ఏయ్ నిదానం, గుర్తుందిగా? ఇంకొక్కసారి నడిరోడ్డు మీద పొగలు కక్కిందా, తుక్కుకి పంపిస్తాం. దాంతోపాటు నిన్ను కూడా."

పోయిన నెల జరిగిన భాగోతం అది. మైకులో చల్లదనం, చల్లదనం అని అరుస్తూ, నాలుగు రోడ్ల కూడలిలో కారు బుస్సుమని ఆవిరి కక్కింది. ఊరంతా పగలబడి నవ్వింది. ఎవరో ఫోనులో తీసి అందరికీ పంపారు. యజమాని పరువు పోయింది.

"సార్, ఆ ముందు బోర్డు తీయించండి. గాలాడక ఉడుకుతోంది," అన్నాడు అతను. మూడోసారి అనడం అది.

"బోర్డు తీస్తే ఇంక కారెందుకయ్యా?"

"పోనీ రేడియేటరు మార్పించండి. సగం గొట్టాలు పూడిపోయాయి."

"చూద్దాంలే."

"మధ్యాహ్నం మూడు గంటలు ఆపుకుంటాను సార్. పొద్దున్నా సాయంత్రం తిరుగుతాను."

"జనానికి కూలరు గుర్తొచ్చేదే మధ్యాహ్నం. పో, పదయింది."

కారు ఈ కొట్టుకు రాకముందు ఒక కాన్పుల డాక్టరమ్మది. ఇరవై ఎనిమిదేళ్లు అతను ఆవిడ డ్రైవరు. అర్ధరాత్రి కబురొస్తే, రోడ్డు సగంలో ఆగిపోయే ఊళ్లకి కూడా ఆవిడను తీసుకెళ్లాడు. ఒకసారి ఎత్తైన మెట్ట ఎక్కుతుంటే ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా పోయింది. అవతల ఒక పిల్ల నొప్పులతో విలవిల్లాడుతోంది. కారు ఆపడానికి లేదు. అప్పుడు హీటరు పిడి లాగమంది ఆవిడే. ఇంజను చుట్టూ తిరిగి మరిగిన నీళ్లు రేడియేటరులో చల్లబడాలి. అది చాలకపోతే ఇంకొక్క దారి హీటరు. పిడి లాగితే ఆ నీళ్లు డాష్‌బోర్డు కింది గొట్టాల్లోకి వస్తాయి, చిన్న ఫ్యాను ఆ వేడిని లోపలున్నవాళ్ల మీదకి తోస్తుంది. ఇంజను వేడి మనిషి పంచుకుంటాడు, అంతే.

"ఐదు నిమిషాలు ఓర్చుకో. మెట్ట దాటగానే ఆపెయ్. ఇది ఉపాయమే, వైద్యం కాదు," అంది ఆవిడ, కాళ్లు సీటు మీదకి ముడుచుకుని నవ్వుతూ. నాలుగు అద్దాలూ దించి ఉన్నాయి అప్పుడు. ఆ పిల్లకి కొడుకు పుట్టాడు.

ఆవిడ పోయాక వాళ్లబ్బాయి కారును మీకు అమ్మాడు. కారుతోపాటు ఇతన్నీ అప్పగించాడు. ఇతనికి చూపు కొంచెం తగ్గింది, కొత్త బండ్లు తెలియవు. ఇంకెక్కడా తీసుకోరు. ఆ సంగతి మీకు బాగా తెలుసు.

పదికి బయల్దేరాడు. మొదటి గేరు, మనిషి నడక వేగం. అంతకుమించితే బోర్డు మీది అక్షరాలు జనానికి అందవట. ఆ వేగంలో ఎదురుగాలి రాదు, వచ్చే కాస్తా బోర్డు మింగేస్తుంది. పదకొండు కాకముందే ముల్లు ఎక్కడం మొదలుపెట్టింది. హీటరు పిడి ఎప్పుడో విరిగిపోతే, దాని ఊచకి భార్య కుట్టుపెట్టెలోని చెక్క దారపు రీలు బిగించుకున్నాడు. బొటనవేలు ఆనే చోట నల్లగా నునుపుదేలి ఉంటుందది. రీలు పట్టుకుని చివరిదాకా లాగాడు. పాదాల మీదకి పొయ్యి ఊదినట్టు వచ్చింది. ముల్లు ఇంత వెనక్కి తగ్గింది. రెండు జతల మేజోళ్లు ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

ఐదు నిమిషాల ఉపాయాన్ని రోజుకి ఏడు గంటల ఉద్యోగం చేశారు మీరు.

ఒంటిగంటకి కారు అతనుండే సందు ముందుకు వచ్చింది. భార్య గుమ్మంలో కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది. మైకు వినపడగానే సూది చొక్కాకే గుచ్చి, సీసా, తడిగుడ్డ పట్టుకుని పరుగెత్తింది. కారు పక్కనే నడుస్తూ, తెరుచుకునే ఆ మూడుమూలల బుల్లి అద్దంలోంచి రెండూ లోపలికి దూర్చింది. ఆమె చెయ్యి చురుక్కుమంది.

"ఇదేం వేడయ్యా! దిగు. ఓ గంట పడుకుని పోదువు."

"కారుకి యంత్రం బిగించారు, ఎక్కడ ఆగినా మేనేజరు ఫోనులో కనపడుతుంది. ఇంజను ఆపితే మళ్లీ అందుకోదు."

"మొహం చూడు, కందగడ్డలా అయింది. ఈ పాడు కారు ఎప్పుడు చస్తుందో!"

"అట్లా అనకే. ఇది పోతే నేనెక్కడికి పోవాలి?"

ఆమె సందు చివరిదాకా నడిచింది. చెప్పులు వేసుకోలేదని అప్పుడు తెలిసింది. కాళ్లు మార్చి మార్చి పెడుతూ నీడలోకి తిరిగొచ్చింది.

రెండుకల్లా సీసా ఖాళీ. తడిగుడ్డ ఎండి అట్టకట్టింది. తల లోపల ఎవరో సుత్తితో కొడుతున్నారు. మైకులో అమ్మాయి గొంతు "మీ ఇల్లే మంచుకొండ" అంటోంది, మళ్లీ మొదటికి వస్తోంది. రెండున్నరకి స్టీరింగు మీద చేతులు జారడం లేదని గమనించాడు. చెమట ఆగిపోయింది. హమ్మయ్య, ఒళ్లు అలవాటు పడింది అనుకున్నాడు.

ఇంజనైతే అతనికి తెలుసు. ఉడికే ఇంజనులోంచి ఆవిరి రావడం ఆగిందంటే చల్లబడినట్టు కాదు, లోపల నీళ్లు అయిపోయినట్టు. ఎంతమంది కుర్ర డ్రైవర్లకు చెప్పాడో ఆ మాట. తన ఒంటి సంగతి మాత్రం తోచలేదు.

నీళ్లట్యాంకు గోడ పక్కకి మెల్లగా తీశాడు. వెనక వచ్చేవాళ్లకి దారి వదిలి, గేరు తీసి, చేతిబ్రేకు వేశాడు. ఇంజను ఆపలేదు. తల సీటుకి ఆనించాడు. డాక్టరమ్మ బ్యాగు వెనకసీట్లో పెట్టానా లేదా అని ఒక్కసారి వెతుక్కున్నట్టు చెయ్యి కదిలింది.

పక్కన జామకాయలమ్మే ఆమె డ్రైవరు కునుకు తీస్తున్నాడనుకుంది.

మూడు దాటాక బావమరిది కూలర్ల వ్యానులో అటు వచ్చాడు. "ఏం బావా, సవతి పక్కన పడుకున్నావా?" అంటూ తలుపు లాగాడు. లోపలి వేడి మొహాన కొట్టి రెండడుగులు వెనక్కి పడ్డాడు. బావ చెయ్యి పట్టుకున్నాడు. కొలిమిలో పెట్టి తీసినట్టుంది. ఊపిరి లేదు. మైకు మంచుకొండ అంటూనే ఉంది. ముల్లు ఎర్రగీతకి వెంట్రుకవాసి ఇవతలే నిలబడి ఉంది. మాట తప్పలేదు మనిషి. కారు పొగ కక్కలేదు.

యజమాని వచ్చాడు, చూశాడు. "ఎండలో హీటరు ఎవడు వేసుకోమన్నాడు వీణ్ణి?" అన్నాడు. కొట్టు పుస్తకంలో అదే రాయించాడు: సొంత అజాగ్రత్త. మూడుసార్లు అడిగిన బోర్డు సంగతి అందులో లేదు. అద్దాల సంగతి లేదు. భార్య వచ్చింది. పాదాల దగ్గర కూర్చుని ఒక్కొక్క మేజోడే విప్పింది. నాలుగో దాంతో చర్మం కూడా వచ్చింది.

రేపు పదింటికి కొత్త డ్రైవరు వస్తున్నాడట. కొట్టు ముందు కూర్చున్న అతని సందువాళ్లం రానివ్వం. ముందు ఆ బోర్డు పీకండి. అద్దాలు దించండి. మధ్యాహ్నం కారు కొట్టులోనే ఉంచండి, మీ కూలరు దాని ముందు పెట్టండి. పుస్తకంలో రాసింది కొట్టేసి, "అడిగాడు, మేం వినలేదు" అని మీ చేత్తో మీరే రాయండి. అది రాసేదాకా బావమరిదితో సహా గోదాములో ఒక్కడూ ఒక్క కూలరు ఎత్తడు, కొట్టు ముందునుంచి ఎవ్వరం లేవం. లేచి రండి, కారు తలుపు తీయండి, లోపలికి చెయ్యి పెట్టండి. బొటనవేలు ఆని నల్లబడ్డ ఆ దారపు రీలు ఇంకా బయటికి లాగే ఉంది.