కింది గొంతు

వేడి రోలర్ల మధ్యనుంచి దుప్పటి పొగలు కక్కుతూ బయటికి వచ్చింది. లోటీ దాని రెండు మూలలూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి, గడ్డం కింద నొక్కిపెట్టి, మడిచి బల్లమీద వేసింది. వెనకే ఇంకొకటి. ఆమె చేతులకు తెల్లటి నూలు గ్లౌజులున్నాయి. అవి లేకపోతే ఆ వేడికి వేళ్ళు బొబ్బలెక్కుతాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయిగాని, ఎడమ మడమ మాత్రం ఊరుకోవడం లేదు. సిమెంటు నేలమీద టక్కు టక్కుమని కొడుతూనే ఉంది.

"నీ చెప్పుల్లో చీమలు పుట్ట పెట్టాయా అక్కా? పొద్దున్నుంచీ నేల అదురుతోంది," అంది అవతల నిలబడి తడిదుప్పట్లు అందిస్తున్న ఇవెలిస్.

"నాలుగింటికి బ్రోన్యా వెళ్ళిపోతుందే."

"వెళ్ళనీ. ఈ వృద్ధాశ్రమంలోంచి ప్రాణంతో బయటికి పోయేవాళ్ళెంతమంది? సంతోషించక."

 ఆప్రాన్ జేబులో టేప్ రికార్డర్ తొడకు తగులుతోంది. లోటీ దాన్ని తడుముకుంది.

ఊళ్ళో కాగితం మిల్లులు నడిచిన రోజుల్లో సెయింట్ కింగా చర్చివాళ్ళు పోలండునుంచి అమెరికా వచ్చిన కుటుంబాల ఆడపిల్లలందరినీ పోగుచేసి డ్రమ్ములు, బ్యూగిల్ బాకాలతో ఒక దళం కట్టారు. నీలం పావడాలు, తెల్ల టోపీలు, కాలికి పెద్దవైన బూట్లు. కొన్ని వేసవులు చుట్టుపక్కల ఊళ్ళ మైదానాల్లో పోటీలకు తిరిగి, ఒక్కటీ గెలవక, చడీచప్పుడూ లేకుండా ఆగిపోయింది. ఇప్పుడా చర్చి లేదు. ఆ స్థలంలో కార్లు నిలుపుతున్నారు. పాత దళాల చరిత్రలు పోగుచేసే పెద్దమనిషి ఒకాయన స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉంటే లోటీ ఫోను చేసింది. అలాంటి పేరే ఎక్కడా వినలేదన్నాడాయన.

దళానికి నేర్పిన మాజుర్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. కాగితంమీద ఒక్క స్వరం రాసినవాడు కాదు. పిల్లలకూ చదవడం రాదు. ఒక్కో జట్టునూ చర్చి నేలమాళిగలో ఒక్కో మూల నిలబెట్టి, ఎవరి వరస వారికి నోటితో పాడి కంఠతా పట్టించాడు. అందుకని ఆ పాట మొత్తం ఏ ఒక్కరికీ రాదు. ముక్కలై ఊరంతా పడివుంది.

లోటీ నడిమి వరసలో నిలబడేది. అక్కడినుంచి పక్కపిల్ల బ్యూగిలూ వెనక డ్రమ్మూ తప్ప మరేం వినిపించేవి కావు. మైదానం అంచున కూర్చుని విన్న అమ్మ ఒకసారి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇంత బాగుంటుందని చెప్పలేదేమే," అంది. ఏం బాగుందో లోటీకి తెలియదు. ఆ తర్వాత మిల్లులో కాగితానికి గుడ్డపేలికలు ఏరే పని, అమ్మ జబ్బు, పాలబండి తోలే ఎడెక్‌తో పెళ్ళి. ఎడెక్ మంచివాడు, మాటలు తక్కువ. అతను పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయి, కుర్చీలో కూర్చుంటే లేవబుద్ధయ్యేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. అలా ఒక శీతాకాలం రికార్డర్ ఒకటి కొనుక్కుని, పాట ముక్కలు ఏరడానికి బస్సులెక్కడం మొదలుపెట్టింది. రొట్టెల కొట్లో వాండా పిండిచేతులతోనే పై గొంతు వరస పాడింది. జోసీ వంటింటి బల్లమీద రెండు చెంచాలతో డ్రమ్ము వాయించి, మొగుడు కేకలేస్తే అతని నెత్తిమీదా ఒక దరువు వేసింది. అన్నీ దొరికాయి, కింది గొంతు తప్ప. పెద్ద బ్యూగిళ్ళు ఊదినవాళ్ళలో మిగిలింది బ్రోన్యా ఒక్కతే. ఆమెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. లోటీ బట్టలుతికే ఈ వృద్ధాశ్రమంలోనే మూడో అంతస్తులో ఉంది.

మాట పోయినా స్నానం చేయిస్తుంటే చర్చి పాటలు గొణుగుతుందని నర్సులంటారు. లోటీ ముందు మాత్రం నోరు విప్పదు.

పొద్దుటి విరామంలో లోటీ గ్లౌజులతోనే మెట్లెక్కి పరుగున వెళ్ళింది. బ్రోన్యా కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉంది. లోటీ ఎదురుగా నిలబడి, వంగి, ముఖంలోకి చూస్తూ వాండా పాడిన టేపు పెట్టింది.

"బ్రోన్యా, నేనే, లోటీని. నీ వరస పాడవూ? ఒక్కసారి."

బ్రోన్యా వెన్ను నిటారుగా చేసింది. గడ్డం పైకి లేచింది. కళ్ళు లోటీ నెత్తిమీదుగా గోడమీద ఎక్కడో నిలిచిపోయాయి. పెదవులు బిగుసుకున్నాయి. బాగున్న కాలి చెప్పును రెండోకాలి పిక్కకు వెనకనుంచి రుద్దుకుంది.

"మళ్ళీ అలిగింది నీమీద," అంది మంచం సర్దుతున్న నర్సు. "చిన్నప్పుడు ఆవిడ ప్రియుణ్ణేమైనా ఎగరేసుకుపోయావా?"

"ఆవిడకు ప్రియుళ్ళెక్కడ, అందర్నీ తరిమికొట్టేది," అంది లోటీ. కాలు దురద పెడుతోందేమో అనుకుంది.

మధ్యాహ్నం చల్లారిన పియెరోగీ కుడుములు రెండు నిలబడే నోట్లో వేసుకుని, పిక్కకు రాయడానికి లేపనం పట్టుకుని మళ్ళీ వెళ్ళింది. గ్లౌజు విప్పి రాసి, మళ్ళీ తొడుక్కుంది. ఎదురుగా నిలబడి బతిమాలింది. అదే గడ్డం, అదే చూపు. కిందికి వచ్చేసరికి రోలరు ఇరుక్కుని ఉంది. పర్యవేక్షకుడు గాన్యే చేతులు నడుముకు ఆనించుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఏమమ్మా లోటీ, జీతం కింద ఇస్తుంటే నువ్వు పైన తిరుగుతావేం?"

"వస్తున్నానుగా."

"వచ్చాక మడమ కొట్టకు. ఆ మిషను నీ దరువుకే బెదిరి ఆగింది."

ఆ తర్వాత గంటలు నడవలేదు. మడతలు వంకర పోయాయి. గోడగడియారాన్ని చూడకూడదనుకుని చూసింది. రికార్డర్ జేబులో బరువనిపించి బల్లమీద పెట్టింది. మూడు దాటాక బ్రోన్యా చివరి ఉతుకు బట్టలు ఆరాయి. ఇవెలిస్ వాటిని గబగబా మడిచి ఆమె చేతుల్లో పెట్టింది.

"పో. గాన్యే అడిగితే బాత్రూములో ఉందంటాను. కడుపు నొప్పంటాను. పో."

పైన బ్రోన్యా కూతురు డయాన్ పెట్టెలు టేపు వేసి మూస్తోంది. తల్లిని తనతో తీసుకుపోవడానికి ఒహాయో నుంచి పొద్దున వచ్చిందట. బట్టలందుకుని, "థాంక్యూ అండీ, అక్కడ పెట్టండి," అంది తలెత్తకుండానే.

లోటీ బ్రోన్యా ఎదుట నిలబడింది.  బ్రోన్యా చూపు ఈసారి గోడమీదికి పోలేదు. ఒక్క క్షణం లోటీ చేతులమీద ఆగి, అక్కడినుంచి పైకి పోయింది. వెన్ను లేచింది. గడ్డం లేచింది. చెప్పు మెల్లగా వెళ్ళి పిక్కకు రుద్దుకుంది.

లోటీ మడమ ఆగిపోయింది.

బూటు ముక్కు మెరిపించుకోవడం అది. పోటీల్లో తనిఖీకి వచ్చే న్యాయనిర్ణేత వరస చివరనుంచి నడిచొస్తుంటే, అతను చూడకుండా ప్రతి పిల్లా అలాగే చేసేది. అతను తెల్ల గ్లౌజులు తొడుక్కుని ఎదురుగా నిలబడి, బొత్తాలమీద వేలు రాసి చూసేవాడు. కన్ను కదిలినా, పెదవి కదిలినా మార్కు పోయేది. ఇన్నాళ్ళూ తాను గ్లౌజులతో వచ్చి ఎదురుగా నిలబడి ముఖంలోకి చూస్తూ పాడమంటోంది. బ్రోన్యా అలగలేదు. దళానికి మార్కు పోకుండా కాపాడుతోంది.

లోటీ గ్లౌజులు విప్పి కిటికీ గట్టుమీద పెట్టింది. కుర్చీని చుట్టివచ్చి, బ్రోన్యా పక్కన, భుజం పక్కన భుజంగా, తానూ ఆమె చూసేవైపే తిరిగి నిలబడింది. ఆమె వంక చూడలేదు. కిటికీ బయట కింద ఆవరణలో ఒక వ్యాను వచ్చి ఆగుతోంది. రికార్డర్ బల్లమీదే ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. ఇంక వెళ్ళే వ్యవధి లేదు. ఎడమ మడమతో దరువు వేసి, వాండా దగ్గర నేర్చుకున్న పై గొంతు సన్నగా ఎత్తుకుంది.

మొదటి చరణం ఒంటరిగానే పోయింది. రెండోదీ సగం పోయింది.  ఆపేద్దామనుకుంది.

అప్పుడు పక్కనుంచి, కుర్చీ లోతుల్లోంచి వచ్చినట్టు, ఒక బొంగురు స్వరం లేచింది. అది లోటీ పాటను అనుసరించలేదు. ఆమె పైకి పోతే అది కిందికి దిగింది, ఆమె ఆగిన చోట అది నడిచింది. నేల కింద ఇంకో నేల ఉన్నట్టుంది. అమ్మ రుమాలు ఎందుకు నోటికి పెట్టుకుందో లోటీకి తెలిసింది.

డయాన్ చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. "మా అమ్మ..." అని ఆగింది. "ఏమిటండీ ఆ పాట?"

"మాది," అంది లోటీ.

పాట అయింది. లోటీ తల తిప్పబోయింది.

"కదలకు," అంది బ్రోన్యా, పెదవులు కదలకుండా, ముందుకే చూస్తూ. మాట ముద్దగా ఉన్నా స్పష్టంగానే ఉంది. "ఇంకా చూస్తున్నారు."

ఇద్దరూ కదలకుండా నిలిచారు. తర్వాత వ్యానువాళ్ళు పైకి వచ్చి కుర్చీ బ్రేకు విప్పి, లిఫ్టులోకి తోసుకుపోయారు. బ్రోన్యా గడ్డం దించలేదు, వెనక్కి చూడలేదు. లోటీ కూడా ఆమె వెళ్ళేవైపు చూడలేదు.

కిందికి మెట్లు దిగుతున్నంతసేపూ ఆ కింది వరసను నోట్లో పట్టుకునే ఉంది, నీళ్ళు నిండిన గ్లాసు తొణక్కుండా తెస్తున్నట్టు. "పాడిందా అక్కా?" అని ఇవెలిస్ అడిగితే అరచెయ్యి అడ్డంపెట్టి, రికార్డర్ తీసుకుని దుప్పట్ల గదిలో దూరి తలుపేసుకుంది. బయట గాన్యే గొంతు వినిపిస్తోంది. కడుపు నొప్పి సంగతి ఇవెలిస్ చాలా వివరంగా చెబుతోంది. లోటీ బొత్తాం నొక్కి, తన గొంతు ఎంత కిందికి దిగితే అంత కిందికి దింపి, మొదలుపెట్టింది.

సాయంత్రం ఆ గది మంచానికి కొత్త దుప్పటి వేశారు. బ్రోన్యా పేరు రాసిన చీటీ తలుపునుంచి తీసేశారు. కిటికీ గట్టుమీద తెల్ల గ్లౌజులు రెండూ అలాగే ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, వేళ్ళు ముందుకు చాచి, దుప్పట్లు పట్టిన వంపు ఇంకా పోకుండా.