ఖాళీ తట్టకి పాట

వెంకటసుబ్బులుకి మతి తప్పిందని అంకమ్మ చెప్పిందట. అంకమ్మ కళ్ళారా చూసిందేమీ కాదు, ఐసు బండి తోలేవాడు చెబితే విన్నదట. పడవలింకా ఒడ్డుకి రాకముందే ముసలామె తట్ట ముందేసుకుని, "పండుగప్పండీ పండుగప్ప! పాట మొదలు!" అని వేలం కేకేసిందట. తట్టలో చేప కాదు కదా, పొలుసు కూడా లేదట. ఇంటికెళ్ళి కోడిపెట్టని ఒళ్ళో పెట్టుకుని పేలు చూసిందట. "ఆ కోడలొక మొద్దు. అత్త ఇట్టా అయిపోతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది" అని అంకమ్మ కొసరు కూడా వేసిందట.

రొయ్యల షెడ్డులో పక్క పీట మీది మనిషి ఇవన్నీ పూస గుచ్చినట్టు చెబుతుంటే దుర్గాదేవి తలెత్తలేదు. ఐసు నీళ్ళకి మొద్దుబారిన వేళ్ళతో రొయ్య తల తుంచి, నరం లాగి, గిన్నెలో వేస్తూనే ఉంది. మతి తప్పింది అత్తకి కాదని నిజాంపట్నం అవతల ఉన్న ఆ పాలెం మొత్తంలో ఇద్దరికే తెలుసు. ఒకరు అత్త. రెండోది తను.

చిన్నపిల్ల పుట్టిన దగ్గర్నుంచీ దుర్గకి తెల్లవారడమంటే భయం పట్టుకుంది. ఏడుపొస్తే కాస్త నయం, అదీ రాదు. పొయ్యి మీద ఎసరు తెర్లుతుంటే చేటలో బియ్యం పట్టుకుని అలాగే నిలబడిపోయేది. అయినా ఏ పనీ ఆగలేదు, అదే వింత. వలల చిక్కులు తీసింది, ఉప్పు చేపలు ఎండబోసి కాకుల్ని తోలింది, షెడ్డుకి పోయింది, పిల్లలిద్దరికీ నీళ్ళు పోసింది, వేట నుంచి వచ్చిన మొగుడికి వేడి వేడిగా వండి పెట్టింది. పని జరుగుతున్నన్నాళ్ళూ మనిషి బాగున్నట్టే లెక్క ఆ ఇంట్లో. తిండి సయించడం లేదంటే, "తిన్నదరక్క వచ్చే దిగుళ్ళే ఇవి. మా అమ్మ నలుగుర్ని కంది, మర్నాడే తట్ట నెత్తికెత్తింది" అన్నాడు మొగుడు బ్రహ్మాజీ. షెడ్డులో మేస్త్రీ, "ఏంటమ్మా, రొయ్యలతో పాటు నిన్నూ ఐసులో పెట్టారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వాలి కాబట్టి తనూ నవ్వింది. గాలి సోకిందని ఒక భూతవైద్యుడి దగ్గర తాయెత్తు కట్టించి, వేపమండలతో కొట్టించారు. దయ్యం దిగిపోయిందని అందరూ అన్నారు. వీపు మీది గీతలు పడుకోనివ్వక దుర్గకి అంతకు ముందున్న కాస్త నిద్రా పోయింది.

ఒక సాయంత్రం ఉప్పుకాలవలో నడుం లోతు దాకా దిగి నిలబడితే, వెంకటసుబ్బులు వచ్చి జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగింది. దారంతా తిట్టింది. గుమ్మం దగ్గర ఆగి మాత్రం, "ఎన్నాళ్ళ నుంచే?" అని అడిగింది. అప్పటిదాకా దుర్గని ఆ మాట ఎవరూ అడగలేదు.

సునామీ తర్వాత వచ్చి వలలూ పడవలూ పంచినవాళ్ళంతా సర్దుకుని వెళ్ళిపోయారు. ఒక సంస్థ మాత్రం రేపల్లెలో గది అద్దెకి తీసుకుని, నెలకొక శనివారం మనసు జబ్బులు చూసే డాక్టరమ్మని రప్పిస్తోంది. అంతకుముందైతే రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి, గుంటూరు దాకా పోవాలి. అంత దూరం కోడల్ని తీసుకెళ్ళేదెవరు? ఇప్పుడు దారి దగ్గరైంది కానీ మొగుడి మనసు దగ్గర కాలేదు. అత్త కదిపి చూస్తే బ్రహ్మాజీ కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"పిచ్చి డాక్టరు కాడికా? అదే గనక పిచ్చిదని తేలితే బాపట్ల బస్సెక్కించి సూర్యలంకలో పుట్టింట్లో దింపేస్తా. పిల్లలు మాత్రం నా కాడే ఉంటారు."

పిల్లల మాట వినేసరికి దుర్గ ఇక ఆ ఊసెత్తొద్దని అత్తకి చేతులు జోడించింది. ముసలామె గట్టు మీద కూర్చుని చేపల పొట్టలు చీలుస్తూ చాలాసేపు ఆలోచించింది.

"కోడలికి మతి పోతే కొంప కూలుద్ది. ముసల్దానికి పోతే నలుగురూ నవ్వుకుంటారు, అంతేగా? ఆ పిచ్చేదో నాకే పట్టనీ."

అలా పట్టిన పిచ్చే ఆ ఖాళీ తట్ట పాట. బ్రహ్మాజీ బెదిరిపోయాడు. "అమ్మని రేపల్లె తీసుకుపోవే, ఊరికే చూస్తావేంటి?" అని తనే ఆటో పిలుచుకొచ్చాడు. పెళ్ళానికి పరువు తక్కువైన డాక్టరు తల్లికి పనికొచ్చింది.

రేపల్లె గదిలో వెంకటసుబ్బులు కోడల్ని ముందు కుర్చీలో కూలేసి, "నాది ఏషం తల్లీ. జబ్బు దీనిది" అంది. డాక్టరమ్మ నవ్వలేదు. దుర్గ నోరు విప్పేదాకా ఆగింది. దుర్గ పేరు మీదే మందు రాసింది. గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో ఆపకూడదని, ప్రతి నెలా వచ్చి మాట్లాడి వెళ్ళమని చెప్పింది.

ఇంట్లో ముసలామె కొడుక్కి వినపడేలా, "ఏమే, నా మాత్ర తే!" అని అరిచేది. దుర్గ లోపల మాత్ర మింగి, చెంబుతో నీళ్ళు మాత్రం తెచ్చేది. ముసలామె ఆ నీళ్ళు గటగటా తాగి, చేదు మింగినట్టు మొహం పెట్టేది. వానలు మొదలయ్యే వేళకి దుర్గ ఒకరోజు ముద్ద నోట్లో పెట్టుకుని, కూరలో ఉప్పెక్కువైందని గుర్తించింది. రుచి తెలిసి ఎన్నాళ్ళయిందో! ఆ మాట చెబితే, "నా మొహం, రోజూ అంతే వేస్తన్నావ్, నోరు మూసుకుని తింటన్నాం" అంది అత్త.

ముసలామె లెక్కలోకి రాని సంగతి ఒకటుంది. ఆ ఒడ్డున చేపల వేలంపాట పాడేది ఆమే. మొగుడు పోయిన నాటి నుంచీ ఆ గొంతే ఆమెకి కూడు, మర్యాద. ఒకరోజు పడవల నిండా చేపలు పడ్డాయి. "ఇక నాకు నయమైందిలే" అంటూ ఆమె కొంగు బిగించి పాటకి దిగింది. దుర్గ పక్కనే తట్ట పట్టుకుని ఉంది. పాలెం పెద్ద గురునాథం అడ్డొచ్చాడు.

"వదినా, ఇక పాట మావాడు పాడతాడులే. పిచ్చి మాత్రలు మింగే మనిషి ధర కడితే బేరగాళ్ళు నవ్వరా?"

"ఇదుగో పెద్దమ్మా, నీ తట్ట" అంటూ ఒక బేరగాడు ఖాళీ తట్ట ఆమె ముందుకి తోశాడు. ఒడ్డంతా నవ్వింది.

బ్రహ్మాజీ సిగ్గుతో చచ్చిపోయాడు. "పరువు తియ్యమాక, ఇంటికి పో అమ్మా. ఆ మందులూ చాలు, రేపల్లె తిరుగుళ్ళూ చాలు. ఈ శనివారం నుంచి ఎవురూ ఎళ్ళొద్దు."

ఎవరి మాటా అప్పుంచుకోని వెంకటసుబ్బులు ఆ మాటలన్నీ పడింది. నోటి దాకా వచ్చింది మింగి కోడలి వైపు చూసి, వద్దన్నట్టు తలాడించింది. దుర్గకి ఉప్పుకాలవ చన్నీళ్ళు నడుముకి తగిలినట్టే అనిపించింది. ఈసారి లాగడానికి అత్తకి వీల్లేదు. తట్ట ఇసకలో పెట్టింది.

"అత్తకే పిచ్చీ లేదు. ఆ మాత్రలు మింగింది నేను. మతి చెడింది నాకు. శనివారం రేపల్లె ఎళ్తాను."

బ్రహ్మాజీ ముందు తల్లిని చూశాడు, తర్వాత పెళ్ళాన్ని.

"అయితే శనివారం దాకా ఎందుకు? సాయంత్రమే మీ సూర్యలంక పో. పిచ్చిదాని చేతికి నా పిల్లల్నియ్యను."

"మతి చెడినన్నాళ్ళూ పిల్లల్ని నా మీదే వదిలేసి వేటకి పోయావు. కుదురుకున్నాక లాక్కుంటావా?" అంది దుర్గ.