షాహీన్ లారీ అద్దం మీది బొమ్మ

మా బెకా లోయలో షాహీన్ లారీ సరిహద్దు గేటు దగ్గర ఒక సిగరెట్టు కాలేంతసేపు కూడా ఆగి ఎరగదు. నా రెండు కళ్ళతో చూసి చెబుతున్న మాట. దాని అద్దం మీద అవతలి దేశాన్ని ఏలే పెద్దాయన బొమ్మ తలుపంత ఉండేది. మా పళ్ళు అమ్మాన్ బజారు చేరాలంటే ఆయన నేల మీంచే పోవాలి, వేరే దారి లేదు. అందుకే మా లారీలవాళ్ళు ఇంజన్‌లో నూనె మరిచినా ఆ బొమ్మ మరవరు.

సరే, ఆ జూన్‌లో మాత్రం అయిదు రోజులు ఆగింది. ఇందాకటి కోతలు వెనక్కి తీసుకుంటున్నాను.

లారీ నిండా ఆప్రికాట్లు, ముప్పై చెట్ల కాపు. షాహీన్‌కి ఏడాది బతుకంతా అదే. గేటు చేరేసరికి రేడియోలో ఖురాన్ పారాయణం తప్ప మరోటి లేదు. పెద్దాయన పోయాడు. గేటు పడింది. వెనక నలభై లారీలు ఒకదాన్నొకటి రాసుకుని నిలిచాయి, తిప్పుకుని ఇంటికి పోదామన్నా సందు లేదు.

మర్యాదగా ఉంటుందని షాహీన్ బొమ్మకి తెల్లగుడ్డ కప్పాడు. ఆయన ముఖం కప్పమని ఎవరు చెప్పారని గేటు కాసే అవతలి సార్జెంటు గియాస్ కసిరాడు. షాహీన్ గుడ్డ తీసి నల్లపట్టీ కట్టాడు. ఈలోగా కొత్తాయన గద్దె ఎక్కాడట, శుభమా అని నలుపేమిటని మళ్ళీ కసురు.

"పోనీ బొమ్మ పీకేయమంటారా సార్?"

"పీకమని నేనన్లేదు."

"ఉంచమంటారా?"

"ఉంచమనీ అన్లేదు. పైనుంచి కబురు రానీ, అబూ నాయిఫ్. ముందు నేను నోరు జారితే నా ఉద్యోగం ఊడుద్ది," అన్నాడు గియాస్, షాహీన్‌ని మా వైపు మర్యాదగా కొడుకు పేరుతో పిలుస్తూ.

"పళ్ళు కబురు దాకా ఆగుతాయా? వాటికేమన్నా మీ పెద్దాయన మేనమామా?"

ఈ చివరి మాట గియాస్ నాలుగు లారీల అవతలికి పోయాకే షాహీన్ అన్నాడు.

మూడో రోజు లారీ అడుగు నుంచి రసం కారింది, కందిరీగలు మూగాయి. పండు పట్టుకుంటే బొటనవేలు దిగబడింది. తిడదామంటే మా సర్కారు జెండా కూడా సంతాపంగా సగానికి దిగే ఉంది. తిట్టుకోడానికైనా సొంత మనిషి లేకపోయాడు.

ఆ సాయంత్రం అతని భార్య నజీహా రాగి గుండిగ నెత్తిన పెట్టుకుని లారీల వరస పక్కన నడిచి వచ్చింది.

"నువ్వు వాళ్ళ పెద్దాయన కోసం ఏడుస్తూ కూచో. నేను తాండ్ర పోస్తా."

పక్క లారీలవాళ్ళు గింజలు తీశారు. ఆమె గుజ్జు ఉడికించి లారీ పక్కచెక్కల మీద పలచగా పరిచింది. మూడో వంతు దక్కింది. మిగిలింది మురిక్కాలవలో కలిసింది.

అయిదో పొద్దున కొత్తాయన బొమ్మల కట్ట దిగింది. గియాస్ లారీకొకటి పంచి గేటెత్తాడు. అమ్మాన్‌కి అమ్మేందుకు పళ్ళేవి? షాహీన్ లారీ ఇంటికి తిప్పాడు. చివరి వాయికి చెక్క చాలక నజీహా కొత్త బొమ్మ మీదే గుజ్జు పోసిందని, తాండ్ర ఎత్తితే దాని వెనక కొత్తాయన మీసాలు అచ్చుపడ్డాయని, ఆ ముక్క షాహీన్ కసితీరా నమిలాడని నేను ఊరంతా చెప్పాను.

ఆ మీసాల తాండ్ర మాత్రం నా సొంత వంట. చెక్కలు సరిపోయాయి. కొత్త బొమ్మని షాహీన్ సీటు కింద చుట్టి పెట్టాడు. మళ్ళీ ఏడాది కాపుకి, పళ్ళు కోసే ముందే, తనే అంటించాడు.